నిమ్మకాయతో కాలువను కొలిచాము

నీళ్లు పల్లానికి పోతాయని అందరికీ తెలుసు. అయితే ఎంత వేగంగా పోతాయి, ఎందుకు అంతే వేగంగా పోతాయి అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. పల్లం ఉన్నంత దూరమూ భూమి నీటిని కిందికి లాగుతూనే ఉంటుంది కదా. అట్లయితే కాలువలో నీళ్లకు పోనుపోనూ వేగం పెరగాలి. గుట్ట మీదనుంచి దొర్లిన బండలాగా పరుగెత్తాలి. కానీ అట్ల జరగదు. మా ఊరి కాలువలో నీళ్లు ఇక్కడ ఎంత నింపాదిగా పోతాయో అర మైలు అవతల కూడా ఇంచుమించు అంతే నింపాదిగా పోతాయి. అంటే ఏదో ఒకటి వాటిని వెనక్కి పట్టుకుని ఉండాలి. అట్ల పట్టుకునేవి కాలువ అడుగు, గట్లు, అందులో పెరిగే గడ్డి. దీన్ని పుస్తకంలో ప్రవాహ నిరోధం అంటారు, డ్రాగ్ అని కూడా అంటారు. ఈ ఏడాది నేనూ, నా తరగతి స్నేహితులు ఇద్దరూ కొలిచింది దీన్నే.

ఎందుకు కొలిచామో ముందు చెప్తాను.

మా ఊరు హోసూరుకు దగ్గర. మాకు నీళ్లు దక్షిణ పినాకిని నుంచి వస్తాయి. తమిళంలో దీన్ని తెన్‌పెణ్ణై అంటారు. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయంలో ఆగి, అక్కడినుంచి కృష్ణగిరి డ్యాముకు పోయి, చివరికి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. కెలవరపల్లి జలాశయం పూర్తి మట్టం 44.28 అడుగులు, కృష్ణగిరి డ్యాముది 52 అడుగులు. వానాకాలంలో ఈ రెండు అంకెలూ మా ఇండ్లలో క్రికెట్ స్కోరులాగా వినబడతాయి. కెలవరపల్లి నుంచి వచ్చే కాలువలో చీలిన ఒక పిల్లకాలువ మా పొలాలకు పారుతుంది.

ఆ పిల్లకాలువకు పైభాగంలో మా మామ పొలం ఉంది. మామ అంటే మా అమ్మకు అన్న. చివర్లో మా తాత పొలం ఉంది. రెండు పంటల కాలంగా తాత, మామ సరిగా మాట్లాడుకోవడం లేదు. వంతు వచ్చినా మా పొలానికి నీళ్లు చాలడం లేదని తాత కోపం. “పైనోళ్లు నీళ్లన్నీ కట్టేసుకుంటా ఉండారు. మన దాకా యాడొస్తాయి?” అని ఆయన అంటాడు. మామ మాట వేరే. “నేను తూముకు చెయ్యి కూడా పెట్టలేదు. ఎప్పుడూ ఎంత తెరుస్తానో అంతే తెరిచినా. నమ్మకం లేకుంటే వచ్చి చూసుకోమను” అంటాడు. పండక్కి అమ్మ పుట్టింటికి పోవాలన్నా ముందు తాత మొహం చూడాల్సి వచ్చేది. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. అయినా ఇద్దరి మాటలూ ఒకేసారి నిజం ఎట్ల అవుతాయో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

తొమ్మిదో తరగతి సైన్సు పాఠంలో ఘర్షణ గురించి చదువుతున్నప్పుడు నేను ఈ సంగతి మా సైన్సు సారుకు చెప్పాను. సారు ఒక్క మాట అన్నారు: “కాలువలో గడ్డి ఉందా?” ఉంది సార్ అన్నాను. నదిలో ఊళ్ల మురుగునీరు కలుస్తుంది. ఆ నీళ్లు మొక్కలకు ఎరువులాగా పనిచేస్తాయి. అందుకే గుర్రపుడెక్క, తుంగ, జమ్ము దండిగా పెరుగుతాయి. సారు నవ్వి, “అట్లయితే మనుషుల్ని అడగడం మానేసి కాలువనే అడుగు” అన్నారు. కృష్ణగిరిలో జరిగే సైన్సు ప్రదర్శనకు మా ముగ్గురి ప్రాజెక్టు అట్ల మొదలైంది.

మొదటి ప్రయోగం: సగం కోసిన పైపు

కాలువకు పోకముందు బడిలోనే చిన్న కాలువ చేసుకున్నాము. నాలుగు అంగుళాల పివిసి పైపును నిలువుగా సగానికి కోయించాము. పొడవు 3 మీటర్లు. ఒక కొన రెండో కొన కంటే 3 సెంటీమీటర్లు ఎత్తులో ఉండేట్టు ఇటుకల మీద పెట్టాము. అంటే నూటికి ఒకటి వాలు. పై కొన దగ్గర డ్రమ్ము, దానికి కొళాయి. డ్రమ్ములో నీళ్లు తగ్గేకొద్దీ కొళాయి ధార సన్నబడుతుంది. అందుకని డ్రమ్ములోకి మోటారు నీళ్లు వదులుతూ, ఎప్పుడూ పైనుంచి పొర్లేట్టు ఉంచాము. అప్పుడు ధార మారదు. పొర్లిన నీళ్లు బడి తోటలోకి పోయేట్టు చేశాము, వృథా కాలేదు.

ఇట్లాంటి పైపులు మూడు చేశాము. ఒకటి నున్నగా ఉన్నది ఉన్నట్టే వదిలాము. రెండోదాని లోపల వార్నీషు పూసి, తడి ఆరకముందే జల్లెడ పట్టిన ఇసుక చల్లాము. మూడోదానిలో చిన్న గులకరాళ్లు అంటించాము. తర్వాత మూడింటిలోనూ ఒకే ధార వదిలి మూడు సంగతులు కొలిచాము. కింద 10 లీటర్ల బకెట్టు ఎంతసేపట్లో నిండుతుంది? మధ్యలో నీళ్లు ఎంత లోతున్నాయి? ఒక చిన్న బెండు ముక్క 2 మీటర్లు ఎంతసేపట్లో పోతుంది? ఒక్కోదాన్ని పదిసార్లు కొలిచి సగటు తీశాము. స్టాప్‌వాచ్ నొక్కే వేలికి కొంచెం ఆలస్యం ఉంటుంది కాబట్టి ఒక్కసారి కొలిస్తే నమ్మలేము.

నున్నటి పైపులో లోతు 1.8 సెంటీమీటర్లు, బెండు ముక్కకు పట్టింది 3.6 సెకండ్లు. ఇసుక పైపులో లోతు 2.2, కాలం 4.4 సెకండ్లు. గులకరాళ్ల పైపులో లోతు 2.7, కాలం 5.9 సెకండ్లు. గరుకు పెరిగేకొద్దీ వేగం తగ్గింది. ఇది మేము అనుకున్నదే.

మేము అనుకోనిది బకెట్టు చూపించింది. మూడు పైపుల్లోనూ బకెట్టు నిండటానికి పట్టింది 20 సెకండ్లే! నా స్నేహితుడు “గరుకు పైపులో నీళ్లు తక్కువ రావాలి కదరా” అన్నాడు. సారు మమ్మల్నే ఆలోచించమన్నారు. ఆలోచిస్తే విషయం సులభమే. కొళాయిలోంచి ఎన్ని నీళ్లు వస్తే అన్నీ కింద పడాల్సిందే, మధ్యలో ఎక్కడికీ పోవు. వేగం తగ్గితే నీళ్లు పోగుపడి లోతు పెరుగుతుంది. ఆ లోతుతో మళ్లీ అన్ని నీళ్లూ దాటిపోతాయి. అంటే గరుకుతనం నీళ్లను తినెయ్యదు, నీళ్లను పైకి లేపుతుంది. మా ఇంటి తగాదాకు తాళంచెవి ఈ వాక్యంలోనే ఉందని నాకు అప్పుడు తెలియదు.

మాకంటే ముందు కొలిచినవాళ్లు

గరుకును ఇట్ల ఇసుక అంటించి కొలవడం మేము కనిపెట్టింది కాదు. విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లండు ఇంజనీరు 1870ల మొదట్లో టార్కీ అనే ఊళ్లో తన ఇంటి దగ్గర పొడవాటి నీళ్ల తొట్టె కట్టించాడు. ఓడలను నీళ్లు ఎంత బలంతో వెనక్కి పట్టుకుంటాయో తెలుసుకోవాలని పలుచని చెక్కలను నీటిలో నిలువుగా ముంచి లాగి, ఆ బలాన్ని కొలిచాడు. కొన్ని చెక్కలు 50 అడుగుల పొడవు. కొన్నిటికి వార్నీషు పూశాడు, కొన్నిటికి బట్ట చుట్టాడు, కొన్నిటికి సన్న ఇసుక, మధ్యరకం ఇసుక, ముతక ఇసుక అంటించాడు. బట్ట చుట్టిన పొడవాటి చెక్కను లాగడానికి వార్నీషు చెక్కకంటే ఇంచుమించు రెండింతల బలం కావాల్సి వచ్చింది. చెక్క అదే, ఆకారం అదే, వేగం అదే. మారింది పైతోలు మాత్రమే. ఓడ అడుగున పాచి, నత్తలు పట్టుకుంటే బొగ్గు ఖర్చు ఎందుకు పెరుగుతుందో దీంతో తెలిసింది.

జర్మనీలో యోహాన్ నికురాడ్సే పైపుల లోపల ఒకే సైజు ఇసుక రేణువులను అంటించి చేసిన ప్రయోగాలను 1933లో ప్రకటించాడు. నీళ్లు చాలా నెమ్మదిగా, పొరలు పొరలుగా పోయేటప్పుడు ఈ గరుకు లెక్కలోకే రాదని ఆయన చూపించాడు. వేగం పెరిగి నీళ్లు సుడులు తిరిగేటప్పుడు కూడా గోడను ఆనుకుని ఒక సన్నటి నెమ్మది పొర ఉంటుంది. ఇసుక రేణువు ఆ పొరలో మునిగి ఉంటే గోడ నున్నగా ఉన్నట్టే. రేణువు ఆ పొరను దాటి తల బయటపెడితే దాని వెనక సుడులు పుట్టి నిరోధం పెరుగుతుంది. గరుకు అనేది రాయి సైజును బట్టి మాత్రమే కాదు, ప్రవాహాన్ని బట్టి కూడా ఉంటుందన్న మాట.

మన దగ్గరి పేరు కూడా ఒకటి చెప్పాలి. శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి సతీష్ ధవన్ గారి పేరు ఎందుకు పెట్టారంటే ఆయన ఇస్రో అధ్యక్షుడు కాబట్టి అని మన పిల్లలందరూ చెప్తారు. ఆయన కుర్రవాడిగా అమెరికాలోని కాల్‌టెక్‌లో 1951లో డాక్టరేటు పొందింది దేని మీదో తెలుసా? ఒక పలక పైతోలు మీద గాలి ఎంత బలంతో రుద్దుతుందో నేరుగా కొలవడం మీద! పలకలో ఒక చిన్న ముక్కను వేరుచేసి, చుట్టూ వెంట్రుకంత సందు వదిలి, అది కొంచెం కదిలేట్టు అమర్చాడు. గాలి రుద్దితే ఆ ముక్క కంటికి కనబడనంత పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడును విద్యుత్తుగా మార్చి కొలిచి, బలం ఎంతో తేల్చాడు. తర్వాత ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వచ్చి, 1962 నుంచి దానికి డైరెక్టరుగా ఉన్నాడు. ఆ సంస్థ మా హోసూరు నుంచి బస్సులో పోయి చూసి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరంలోనే ఉంది.

రెండో ప్రయోగం: అసలు కాలువ

కాలువ దగ్గరికి మేము తాతను వెంటబెట్టుకునే పోయాము. పెద్దవాళ్లు లేకుండా పారే నీటిలో దిగకూడదని సారు గట్టిగా చెప్పారు. మాతో తీసుకుపోయినవి టేపు, కొలబద్ద, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన ట్యూబ్ లెవల్, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, పది నిమ్మకాయలు.

నిమ్మకాయలు ఎందుకంటే, అవి నీటిలో చాలావరకు మునిగి తేలుతాయి. బెండు ముక్కను, ఎండుటాకును గాలి తోసేస్తుంది. నిమ్మకాయను అంతగా తొయ్యలేదు. పసుపుగా ఉంటుంది కాబట్టి గడ్డిలో కూడా కనబడుతుంది.

మా పిల్లకాలువలో పైన కొంత దూరం సిమెంటు వేసిన భాగం ఉంది. దాని చివర మూడడుగుల మెట్టు ఉంది, నీళ్లు అక్కడ కిందికి దూకుతాయి. ఆ కింద మట్టి కాలువ. అందులోనే గడ్డి. ఆ మెట్టు మాకు చాలా మేలు చేసింది. మెట్టు లేకుంటే కింద గడ్డిలో పోగుపడిన నీళ్లు వెనక్కి ఎక్కి సిమెంటు భాగంలో లోతును కూడా మార్చేసేవి. మేము మెట్టుకు బాగా పైన ఒకచోట, మట్టి కాలువలో మొదటి తూముకు ముందు ఇంకొకచోట కొలిచాము. రెండు చోట్ల మధ్య తూములు లేవు కాబట్టి రెండింటిలోనూ పారేది ఒకే నీరు.

సిమెంటు భాగంలో వెడల్పు 1 మీటరు, లోతు 30 సెంటీమీటర్లు. 20 మీటర్లు పోవడానికి నిమ్మకాయకు సగటున 26 సెకండ్లు పట్టింది. గడ్డి భాగంలో వెడల్పు 1.2 మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు. 20 మీటర్లకు 63 సెకండ్లు. గడ్డిలో చిక్కుకున్న నిమ్మకాయలను లెక్కలోంచి తీసేశాము.

పైన తేలే నిమ్మకాయ వేగం మొత్తం నీటి సగటు వేగం కంటే ఎక్కువ. అడుగున నీళ్లు నెమ్మదిగా పోతాయి కదా. అందుకని దాన్ని 0.85తో గుణించాలి. ఇది ఇంజనీర్లు మామూలుగా వాడే అంకె. అట్ల చేస్తే సగటు వేగం సిమెంటులో సెకండుకు 65 సెంటీమీటర్లు, గడ్డిలో 27 సెంటీమీటర్లు. వేగాన్ని లోతు, వెడల్పులతో గుణిస్తే సిమెంటు భాగంలో సెకండుకు 196 లీటర్లు, గడ్డి భాగంలో 194 లీటర్లు వచ్చాయి. ఆ రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్నప్పుడు కలిగిన సంతోషం నాకు పరీక్ష మార్కులకు కూడా కలగలేదు. బడిలో బకెట్టు చెప్పిన మాటే కాలువ కూడా చెప్పింది. నీళ్లు అవే, లోతు మాత్రం రెండింతలు.

ఇప్పుడు బలం సంగతి. పారే నీటిని పట్టి లాగే బలాన్ని ఏ త్రాసుతో తూచేది? సారు చెప్పిన ఉపాయం చాలా బాగుంది. వేగం పెరగడం లేదు, తగ్గడం లేదు అంటే, ముందుకు లాగే బలమూ వెనక్కి పట్టే బలమూ సమానం. ముందుకు లాగే బలం తెలిస్తే చాలు. ట్యూబ్ లెవల్‌తో 20 మీటర్ల చొప్పున అయిదుసార్లు చూస్తే, రెండు భాగాల్లోనూ 100 మీటర్లకు నీటిమట్టం 10 సెంటీమీటర్లు దిగింది. అంటే వెయ్యికి ఒకటి వాలు. అట్లాంటి వాలు మీద నీటి బరువులో వెయ్యో వంతు ముందుకు లాగుతుంది.

సిమెంటు భాగంలో 20 మీటర్ల పొడవులో ఉన్న నీళ్లు 6 ఘనమీటర్లు, అంటే 6,000 కిలోలు. అందులో వెయ్యో వంతు 6 కిలోలు. గడ్డి భాగంలో అదే 20 మీటర్లలో 14,400 కిలోల నీళ్లు ఉన్నాయి. వెయ్యో వంతు 14 కిలోలకు కొంచెం పైన. అంటే ఒకే నీటిని దాటించడానికి సిమెంటు 6 కిలోల బరువంత బలంతో వెనక్కి పట్టుకుంటే, గడ్డి 14 కిలోల బరువంత బలంతో పట్టుకుంటోంది. త్రాసు లేకుండానే తూచాము!

ఇంజనీర్లు గరుకును ఒక సంఖ్యతో చెప్తారు. దానికి మానింగ్ సంఖ్య అని పేరు. ఐర్లండు ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ఈ సూత్రాన్ని అక్కడి ఇంజనీర్ల సంఘం ముందు పెట్టాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది. ఆయన ఏ కాలేజీలోనూ ఇంజనీరింగ్ చదవలేదు, మొదట లెక్కలు రాసే గుమాస్తా పని చేసినవాడు. నీటి అడ్డుకోత వైశాల్యాన్ని తడిసిన చుట్టుకొలతతో భాగించి, దానికి మూడింట రెండో ఘాతం తీసి, వాలు వర్గమూలంతో గుణించి, వేగంతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. మా సిమెంటు భాగానికి 0.016, గడ్డి భాగానికి 0.052 వచ్చింది. పుస్తకాల్లో శుభ్రమైన మట్టి కాలువకు 0.022 దగ్గర ఉంటుంది. మా కాలువ దానికి రెండింతలు దాటింది.

తూము రహస్యం

ఇక తాత, మామల సంగతి. గడ్డి భాగంలోనే మామ తూము ఉంది. ఆరు అంగుళాల పైపు. దాని నడిమధ్య కాలువ అడుగుకు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. కాలువలో నీళ్లు 60 సెంటీమీటర్లు ఉంటే పైపు మీద 40 సెంటీమీటర్ల నీళ్లు నిలుస్తాయి. గడ్డి తీసేస్తే లోతు సుమారు 40 సెంటీమీటర్లే ఉంటుందని అంచనా వేశాము. అప్పుడు పైపు మీద నిలిచేది 20 సెంటీమీటర్లు. పైపులోంచి వచ్చే నీళ్లు ఆ ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటాయి. 40ని 20తో భాగిస్తే 2, దాని వర్గమూలం 1.41. అంటే మామ తూమును ఎప్పటిలాగే తెరిచినా, గడ్డి వల్ల ఆయనకు నూటికి 41 వంతులు ఎక్కువ నీళ్లు వస్తున్నాయి. లెక్క ప్రకారం సెకండుకు 21 లీటర్లు రావాల్సిన చోట 30 లీటర్లు. గంటకు 30 వేల లీటర్లకు పైనే తేడా. ఆ భాగంలో అట్లాంటి తూములు ఇంకా రెండు ఉన్నాయి. చివర మా తాత పొలానికి మిగిలేది ఆ మేరకు తగ్గుతుంది.

మామ తూము ఎక్కువ తెరవలేదు, ఆ మాట నిజం. తాతకు నీళ్లు తగ్గాయి, ఆ మాటా నిజం. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. నీళ్లను పైకి లేపింది గడ్డి.

ఈ లెక్క కాగితం తీసుకుని ముందు మామ దగ్గరికి పోయాను. ఆయన అంతా విని, కాగితం రెండుసార్లు చూసి, “అంటే కాలవ బాగుచేస్తే నాకు నీళ్లు తగ్గుతాయి. అంతే కదా రా నువ్వు చెప్పేది?” అన్నాడు. అవును మామా అన్నాను. దాన్ని ఇంకోలా చెప్పడానికి వీల్లేదు. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. అత్త టీ ఇచ్చింది. చివరికి “నేను దొంగను కాదని ఆ కాగితంలో రాసి ఉండాది కదా. అది మీ తాతకు చదివి వినిపించు” అన్నాడు.

తాతకు చదివి వినిపించాను. వర్గమూలం ఆయనకు తెలియదు. అందుకే డబ్బాకు ఒకే సైజు రంధ్రాలు రెండు, ఒకటి పైన ఒకటి కింద పెట్టి నీళ్లు పోసి చూపించాను. కింది రంధ్రం ధార ఎక్కువ దూరం దూకింది. తాత దాన్ని చూసి “ఊఁ” అన్నాడు. అంతే అన్నాడు. మరుసటి రోజు పొద్దున నీరుగంటిని వెంటబెట్టుకుని పైపొలాల వైపు పోయాడని అవ్వ చెప్పింది.

రెండు వారాల తర్వాత నీళ్లు కట్టేసిన రోజుల్లో ఊళ్లో పదిహేను ఇండ్లవాళ్లు కలిసి గడ్డి తీశారు. మామ వచ్చాడు. ఊరికే రాలేదు, ఒక షరతు పెట్టాడు: తన తూముకు నీళ్లు తగ్గుతాయి కాబట్టి తన వంతులో రెండు గంటలు ఎక్కువ ఇవ్వాలని. పెద్దమనుషులు ఒక గంటకు ఒప్పుకున్నారు. నాకు అది న్యాయంగానే తోచింది. మామ ఆ నీళ్లను నమ్ముకుని టమాట వేసి ఉన్నాడు. ఆయన తప్పు లేకుండా ఆయన నీళ్లు తగ్గించేటప్పుడు ఆయన మాట కూడా వినాలి కదా.

మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మేము ముగ్గురం నిమ్మకాయలతో పోయాము. సిమెంటు భాగంలో లోతు ముందులాగే 30 సెంటీమీటర్లు ఉండేదాకా చూసుకుని, కింద కొలిచాము. లోతు 40 సెంటీమీటర్లకు దిగింది. నిమ్మకాయ 20 మీటర్లను 63 సెకండ్లకు బదులు 42 సెకండ్లలో దాటింది. గరుకు సంఖ్య 0.03కి వచ్చింది. తాత పొలానికి ఈసారి వంతు రోజునే మడి తడిసింది.

కృష్ణగిరిలో మా ప్రాజెక్టుకు మొదటి బహుమతి రాలేదు. రంగురంగుల లైట్లు పెట్టిన వేరే ప్రాజెక్టుకు వచ్చింది. కానీ మా పైపుల దగ్గర రైతులు చాలాసేపు నిలబడ్డారు. మేము బోర్డులు తెలుగులో, తమిళంలో రెండింటిలోనూ రాశాము. ‘గరుకు’ అన్న మాట తమిళంలో ఎట్ల చెప్పాలా అని ముందురోజు చాలాసేపు వెదికాము. తీరా అక్కడ గులకరాళ్ల పైపులో వేలు పెట్టి చూపిస్తే మాట అవసరమే రాలేదు. ఒక పెద్దాయన తమిళంలో “మా కాలువకు కూడా ఈ లెక్క వేసి పెడతావా?” అని అడిగారు. ఆ మాట నాకు బహుమతి కంటే తక్కువ అనిపించలేదు.

ఈ సంచిక చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మీ ఊళ్లో కాలువ ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మీరు కూడా కొలవచ్చు. గట్టు మీదనే 20 మీటర్లు కొలిచి రెండు గుర్తులు పెట్టండి. నిమ్మకాయను మొదటి గుర్తుకు కొంచెం పైననే వదలండి. అది నీటి వేగాన్ని అందుకున్నాక గుర్తు దాటాలి. పదిసార్లకు తక్కువ కొలవకండి. గాలి ఎక్కువగా ఉన్న రోజు వద్దు. లోతును ఒక్కచోట కాకుండా అడ్డంగా మూడు నాలుగు చోట్ల చూసి సగటు తియ్యండి. నురగ ఉన్న నీటిలో చేతులు పెట్టవద్దు, ఇంటికి రాగానే సబ్బుతో కడుక్కోండి. వచ్చిన అంకెలన్నీ, మీకు నచ్చనివి కూడా, పుస్తకంలో రాయండి. గడ్డి మళ్లీ పెరుగుతుంది. ఎంత పెరిగితే ఎన్ని సెంటీమీటర్లు నీళ్లు లేస్తాయో నెలనెలా కొలిచే పని ఇంకా మిగిలి ఉంది. మా కొలతల నోటుపుస్తకం సైన్సు గది బీరువాలో ఉంది. సారును అడిగితే ఇస్తారు.

మామ ఇప్పుడు ప్రతి నీటి వంతుకు నన్ను పిలుస్తాడు, తన తూము మీద నీళ్లు ఎంత నిలిచాయో కొలిచి చెప్పమని. నిమ్మకాయలు మాత్రం నన్నే తెచ్చుకోమంటాడు.